పదకొండు గంటల సీసా

అమలాపురం,
12 జూన్ 2024

పెద్దమ్మకి,

వందనాలు. మేమంతా క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను, పూర్తిగా నమ్మకు. మొన్న నీకు ఫోన్ చేస్తే "ఎవరూ, గ్యాస్ బండ వాళ్ళా?" అని మూడుసార్లు అడిగి పెట్టేశావు. కొనిపెట్టిన చెవి మిషన్‌ని బీరువాలో దాచావని వరప్రసాదం బాబాయి చెప్పాడు. వాట్సాప్‌లో రాద్దామంటే, మన కుటుంబం గ్రూపులో పెట్టిన మాట ఆదివారానికల్లా చర్చి వరండాలో ఉంటుంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు కొన్నాను. ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా అన్నట్టు చూశాడు గుమస్తా.

కిందటి వారం నుంచి కాలేజీకి వెళ్తున్నాను. రూతుకి ఏడు నెలలు నిండాయి. మా ప్రిన్సిపాల్ సత్యదుర్గారావు గారు స్టాఫ్ రూములో అందరి ముందూ "రండి క్రిస్టీనా గారూ, రెస్టు బాగా తీసుకున్నారా అండీ" అన్నారు. ఈ ఏడు నెలల్లో నేను వరసగా మూడు గంటలు నిద్రపోయింది లేదు. "ఆయ్, బాగా తీసుకున్నానండి" అన్నాను. మనవాళ్ళ మర్యాద అలాంటిది.

మొదటిరోజు ఫైనలియర్ క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తుండగా పదకొండయింది. అది రూతు పాలు తాగే వేళ. చీర ముందంతా తడిసిపోయింది. హాజరు పట్టీ గుండెకి అదుముకుని మిగతా లెక్క ఒంటిచేత్తో పూర్తి చేశాను. ముందు బెంచీల్లో ఆడపిల్లలు తలలు దించుకున్నారు. మగపిల్లలకి ఏమీ అర్థం కాలేదు, వాళ్ళకి లెక్క కూడా అర్థం కాలేదు.

అందుకని పాలు పిండుకునే మిషన్ కొన్నాను. కెమిస్ట్రీ ల్యాబు వెనక రికార్డు గదిలో పాత జవాబు పత్రాల మధ్య కూర్చుని రోజుకి రెండు సీసాలు నింపుతున్నాను. ఐసు పెట్టిన డబ్బాలో ఇంటికి తెచ్చి, ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు పొద్దున్న రూతుతో పాటు డే కేర్‌లో ఇస్తున్నాను. పదకొండింటికి ఒకటి, మూడింటికి ఒకటి. డే కేర్ అంటే ఏదో అనుకోకు. కాలేజీ వెనక వీధిలో నాగదుర్గ అనే ఆవిడ తన ఇంట్లోనే ఆరుగురు పిల్లల్ని చూస్తుంది. సముద్రం వైపు పాలెం నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిందట. నెమ్మదైన మనిషి. సీసాలు రెండు చేతులతో అందుకుంటుంది.

ఇక మా అత్తగారు. పుష్పలత గారు స్కూల్లో హెడ్మిస్ట్రెస్సు అని నీకు తెలుసు. ఇంట్లోనూ అదే ఉద్యోగం. "ఆరు నెలలు ఇచ్చావు, చాలమ్మా. మా ఆకాష్ డబ్బా పాలు తాగే ఆరడుగులు పెరిగేడు" అంటారు. రూతు పుట్టినప్పుడే తక్కువ బరువు కదా. ఇప్పుడు ఆరు కిలోల నాలుగు వందలు. చివరికి ఒక ఒప్పందం చేశారు. సెప్టెంబరు ఒకటో తారీఖుకి బరువు కార్డులో ఏడు కిలోలు కనిపించాలి. లేకపోతే నేను రొమ్ము మాన్పించాలి, డబ్బా తెరవాలి. ఆకాష్ కాకినాడ బ్యాంకు నుంచి ఫోన్లో "మీరిద్దరూ చూసుకోండి" అన్నాడు.

నాకు మాన్పించాలని లేదు పెద్దమ్మా. రోజంతా లేకపోయినా ఆ రెండు సీసాల రూపంలో దాని దగ్గరే ఉన్నాననిపిస్తుంది. నువ్వు ముప్పై రెండేళ్ళు నర్సమ్మవి కదా, చెప్పు. పిండిన పాలు ఎంతసేపు నిలవుంటాయి?

నీ
టీనా

—

రాజోలు,
18 జూన్ 2024

టీనాకి ఆశీస్సులు.

చెవి మిషన్ గురించి నీకు చాడీలు చెప్పిన మీ బాబాయికి నా వందనాలు చెప్పు. అది పెట్టుకుంటే ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ వినిపిస్తున్నాయి. జీతం ఇచ్చినన్నాళ్ళూ విన్నాను, పెన్షన్‌కి కూడా వినాలా?

పిండిన పాలు బయట నాలుగు గంటలు, అదీ చల్లటి పూట. ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజుల వరకు దిగులు లేదు. మరిగించొద్దు. వేడినీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి గోరువెచ్చన చేస్తే చాలు. ఇవన్నీ రిటైరయ్యే ముందు ఏడాది రాజమండ్రిలో ట్రైనింగు పెట్టి చెప్పారు. ముసలిదాన్ని బడికి పంపారని అప్పుడు తిట్టుకున్నాను. పొద్దునా సాయంత్రం పప్పన్నం మెత్తగా మెదిపి నెయ్యి వేసి పెట్టు, గుడ్డు పచ్చసొన పెట్టు.

ఆకాష్ ఆరడుగుల సంగతి. పెరిగాడు, కాదనను. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాట వస్తే ఆ ఆరడుగులూ కాకినాడ బస్సెక్కేస్తాయి. అది కూడా డబ్బా మీద రాసుందేమో ఓసారి చూడమను మీ అత్తగారిని.

ఆ నాగదుర్గది ఏ పాలెమో కనుక్కో. నేను పురుడు పోసిన పిల్లే కావచ్చు. ఆ వైపు పాలేల్లో నేను తిరగని గుమ్మం లేదు. డాక్టరు చెప్పినా "నర్సమ్మ గారిని అడిగి చేస్తామండి" అనేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు. నీ స్టూడెంట్లు నీ లెక్కలు అలా చేస్తారా?

మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. ఈ ఏడు కొబ్బరి దింపు బాగానే వచ్చింది, కాయ మాత్రం చిన్నది. రూతుని ముద్దాడాను.

మీ పెద్దమ్మ
జ్యోతిర్మయి

—

అమలాపురం,
9 జులై 2024

పెద్దమ్మా,

వందనాలు. నువ్వు గొప్పలు పోవడానికి ఒక కబురు, దిగులు పడటానికి ఒకటి. ముందు గొప్ప.

నాగదుర్గ మీ పాలెం పిల్లే. నీ పేరు చెప్పగానే చంకలో పిల్లతో సహా లేచి నిలబడింది. "నర్సమ్మ గారి కూతురి వరసా అండీ మీరు? మా అమ్మ మాణిక్యం ఇప్పటికీ ఆవిడ పేరు తలుచుకుంటదండి. ఆయ్, పాప గురించి మీరేం బెంగెట్టుకోకండి. అన్నీ మీ పెద్దమ్మ గారు చెప్పినట్టే చేస్తానండి" అంది. నాకు సగం భారం దిగిపోయింది. సాయంత్రం వెళ్ళేసరికి సీసాలు కడిగి బోర్లించి ఉంటాయి. "పాప ఏడవలేదండి, కడుపు నిండా పెట్టేనండి" అంటుంది.

ఇక దిగులు. మొన్న బరువు చూపిస్తే ఆరు నాలుగొందల యాభై. నెలకి యాభై గ్రాములు. కార్డులో గీత మంచమ్మీద పడుకున్నట్టుంది. మా అత్తగారు ఆ కార్డు తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించారు, అంతే. సాయంత్రం ఇంటికొచ్చింది మొదలు రూతు నన్ను వదలదు, ఆకలిగొన్న పిల్లలా తాగుతుంది. పగలు రెండు సీసాలు తాగిన పిల్లకి అంత ఆకలేమిటో తెలియడం లేదు.

కాలేజీలో ఇంకో వైభోగం. ఆగస్టులో కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది. మహిళా సిబ్బందికి తల్లిపాల గది ఉంటే మార్కులున్నాయని ఎవరో చెప్పారు. అంతే, వారం రోజుల్లో కింద అంతస్తులో గది తయారు. గులాబి రంగు గోడలు, ప్లాస్టిక్ పూలు, కవరు కూడా తియ్యని సోఫా, బిడ్డకి పాలిస్తున్న తెల్లదొరసాని ఫ్లెక్సీ. నేను మిషన్ సంచీ పట్టుకుని వెళ్తే తాళం వేసుంది. తాళంచెవి మేనేజరు బంగారరాజు గారి దగ్గర. ఆయన ఎంతో మర్యాదగా "కమిటీ వచ్చేదాకా ఆగండమ్మా, సోఫా పాడవుద్దండి" అన్నారు. సరే, రికార్డు గదికే పోదామంటే దానికీ తాళం. "మీకు ప్రత్యేకంగా గది కట్టేం కదండీ, ఇంకా ఇక్కడెందుకండి" అట.

ఇప్పుడు ఆడవాళ్ళ బాత్రూములో నిలబడి పిండుకుంటున్నాను. ఒక చేత్తో మిషన్, ఒక చేత్తో గడియ లేని తలుపు.

నీ
టీనా

—

రాజోలు,
15 జులై 2024

టీనా,

ఆశీస్సులు. మాణిక్యం కూతురా ఆ పిల్ల! చిన్నప్పుడు చింకి గౌను వేసుకుని నా సంచీ మోసుకొచ్చేది. చూశావా, ముప్పై ఏళ్ళయినా నా మాట చెల్లుతోంది. మీ ప్రిన్సిపాల్ మాట మర్నాటికి చెల్లితే చెప్పు.

ఆ తెల్లదొరసానికైనా గదిలో కూర్చునే భాగ్యం కలిగింది, సంతోషం. కమిటీ వెళ్ళాక ఆవిడ ఖాళీ చేస్తే నువ్వు అద్దెకి అడుగు.

ఇక అసలు సంగతి. నేను కూర్చుని ఆలోచించాను. పాలు పిండేది నువ్వు. తాగించేది నేను చెప్పినట్టు నడుచుకునే మనిషి. మధ్యలో ఉన్నది ఫ్రిజ్. ఫ్రిజ్ పక్కన ఉన్నది మీ అత్తగారు. రెండు సీసాలు తాగే పిల్ల నెలకి యాభై గ్రాములు పెరగదు. ఆ సీసాల్లో ఉన్నది నీ పాలు కాదు. సగం తీసి నీళ్ళు పోస్తోందని నా అనుమానం. ఆవిడ పెట్టిన పప్పుచారు నేను తిన్నాను, నీళ్ళు కలపడంలో ఆవిడకి మంచి అనుభవం ఉంది. సెప్టెంబరు ఒకటికి కార్డు చూపించి గెలవాలని ఆవిడ ఆత్రం.

సీసా మీద గోళ్ళరంగుతో పాల మట్టానికి గీత పెట్టు. పొద్దున్న చూసుకో, తీసినంత సరిగ్గా నీళ్ళు పొయ్యడం ఎవరి తరమూ కాదు, గీత దిగడమో దాటడమో చేస్తుంది. ఆవిడకి తెలియనివ్వకు. ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

పెద్దమ్మ

—

అమలాపురం,
7 ఆగస్టు 2024

పెద్దమ్మా,

ఉత్తరం చింపమన్నావు. చింపాల్సింది. హాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను, రూతు బ్యాగు బోర్లించింది, మా అత్తగారు ఏరి పెట్టారు. అప్పటికే సీసాల మీద ఎర్ర గీతలు చూసి ఏమిటమ్మా ఇవి అని అడిగి ఉన్నారు, నేను కొలతలకి అని అబద్ధం చెప్పి ఉన్నాను.

మర్నాడు పొద్దున్న నీ ఉత్తరం భోజనాల బల్ల మీద ఉంది. ఎర్ర పెన్నుతో నాలుగు అక్షర దోషాలు దిద్ది ఉన్నాయి. పప్పుచారు దగ్గర ప్రశ్నార్థకం. అడుగున "ఆరోపణ నిరాధారం" అని రాసి సంతకం, తేదీ. ఆవిడ లేరు. బట్టలు సర్దుకుని కొత్తపేటలో చెల్లెలింటికి వెళ్ళిపోయారు, స్కూలుకి అక్కడి నుంచే వెళ్తున్నారట. గీతలు పెట్టిన వారం రోజుల్లో ఒక్క రోజు కూడా పాలు గీత దిగలేదు, దాటలేదు పెద్దమ్మా. ఆకాష్ ఈ శనివారం ఇంటికి రాలేదు.

కమిటీ మొన్న సోమవారం వచ్చింది. తల్లిపాల వారోత్సవం కూడా కలిసొచ్చిందని ప్రిన్సిపాల్ గారు పొంగిపోయారు. గదికి రిబ్బను కట్టారు. కమిటీలో ఒక మేడం "దీన్ని ఎవరు వాడుతున్నారు?" అని అడుగుతుందని ముందే ఊహించి, నన్ను సోఫాలో కూర్చోబెట్టారు. బిడ్డ కావాలి కదా. రూతుని తెస్తానన్నాను. "మీ పాప ఏడుస్తుందేమోనండి, ఈ పిల్లయితే చెప్పిన మాట వింటదండి" అని బంగారరాజు గారు వాచ్‌మన్ మనవరాలిని నా ఒళ్ళో పెట్టారు. ఆ పిల్లకి మూడేళ్ళు. కమిటీ లోపలికొచ్చేసరికి నా చంటిబిడ్డ చేగోడీ నములుతోంది. మేడం "చాలా బాగుంది" అని రాసుకుని వెళ్ళిపోయింది. నాకు శాలువా కప్పారు, మాతృమూర్తి అని సర్టిఫికెట్ ఇచ్చారు. అప్పుడు సరిగ్గా పదకొండు. శాలువా కింద జాకెట్టు తడిసిపోతోంది. నా పిల్ల గోడకి అటుపక్క వీధిలో ఉంది. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ తాళం వేశారు.

నిన్న బరువు చూపించాను. ఆరు నాలుగొందలు. పెరగడం మాట అటుంచి తగ్గింది. "పగలు ఏం తాగుతోందమ్మా?" అని డాక్టరు రెండుసార్లు అడిగారు. నా పాలే అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. నా పాలలోనే సత్తువ లేదేమో. మా అత్తగారు చెప్పిందే నిజమేమో. వస్తూ వస్తూ డబ్బా కొన్నాను. ఇంకా మూత తియ్యలేదు. వచ్చే గురువారం ఆగస్టు పదిహేను, సెలవు. ఆ రోజు తీస్తాను.

టీనా

—

రాజోలు,
10 ఆగస్టు 2024

టీనా,

ఈ ఉత్తరం ఆటో డ్రైవరు చేత పంపుతున్నాను, పోస్టు మీద నమ్మకం లేక. డబ్బా మూత తియ్యకు. నీ పాలలో సత్తువ లేదని ఇంకోసారి రాస్తే చెయ్యి విరగ్గొడతాను.

ఎర్ర పెన్ను సంగతి చదివి ఒళ్ళు మండింది. తర్వాత గుర్తు చేసుకుంటే నాలుగూ తప్పులే. అది ఇంకా మంట.

మంగళవారం నేనే బస్సెక్కి నాగదుర్గ ఇంటికి వస్తున్నాను. ఆ పిల్ల మీద అనుమానం కాదు. రూతు ఎన్ని పాలు తాగుతుందో నా కళ్ళతో చూసి, ఆ లెక్క తీసుకుని కొత్తపేట వెళ్ళి మీ అత్తగారి ముందు పెడతాను. నువ్వు క్లాసు మానుకుని రావద్దు.

పెద్దమ్మ

—

రాజోలు,
14 ఆగస్టు 2024

టీనా,

నిన్న మీ కాలేజీ గేటు ముందు నుంచే వెళ్ళాను, వచ్చాను. లోపలికి రాలేదు. నీ మొహం చూడలేక రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నాగదుర్గ నన్ను చూసి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఇల్లు శుభ్రంగా ఉంది, పిల్లలు హాయిగా ఉన్నారు. రూతు దాని చంక దిగడం లేదు. పదకొండయింది. ఫ్రిజ్‌లోంచి నీ సీసా తీసింది. నేను కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నాను. ఆ పిల్ల పెరట్లోకి వెళ్ళింది. అక్కడ చక్కెరకేళి అరటి చెట్టుంది, గెల వేసి ఉంది. సీసా మూత తీసి పాలన్నీ ఆ మొదట్లో పోసింది. పోసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. లోపలికొచ్చి పొయ్యి మీది గంజి చల్లార్చి, పంచదార వేసి, రూతుకి చెంచాతో పెట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేశావే?" అన్నాను.

ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. చివరికి ఆ పిల్ల అరిచి చెప్పింది, నాతో పాటు వీధి మొత్తం విన్నది.

"మీరు చెప్పిందేనండి నర్సమ్మ గారూ! మా తమ్ముడు గంగబాబు చంటోడుగా ఉన్నప్పుడు మా అమ్మ రొయ్యల షెడ్డుకెళ్ళొచ్చేదండి. మీరేగదండి చెప్పేరు, పనికెళ్ళొచ్చిన తల్లి పాలు నిలవపాలు, బిడ్డ నోట్లో పెట్టకండి, పిండి పారబొయ్యండి అని. పాలు కాళ్ళ కింద పడకూడదని మా అమ్మ చెట్టు మొదట్లో పోసేదండి. మీరు చెప్పిందేదీ మేం మరిచిపోలేదండి."

"మరి టీనాకి ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటారండి. పొద్దున్నే అంత ఆపేక్షగా తెచ్చి చేతిలో పెడతారండి. చదువుకున్న మేడం గారు. ఇయ్యి పనికిరావండి అని మొహమ్మీద ఎలా అంటామండి, నొచ్చుకుంటారు కదండి. అందుకే కడుపు నిండా గంజి పెడతన్నానండి. నా పిల్లల్నీ అలాగే పెంచేనండి."

ఆ పిల్ల కళ్ళలో తప్పు చేసిన జాడ లేదు. నేను మెచ్చుకుంటానని చూస్తోంది.

రెండో సీసా తెమ్మన్నాను. మూత తీసి వాసన చూసి, నాలుగు చుక్కలు నా నోట్లో వేసుకున్నాను. "అయ్యో నర్సమ్మ గారండీ" అని నాగదుర్గ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంచి పాలు టీనా. తియ్యగా ఉన్నాయి. వెచ్చచేసి రూతుకి నా చేత్తో పట్టాను. సీసా ఖాళీ అయ్యేదాకా కళ్ళార్పలేదు. అయ్యాక కూడా సీసా వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడాది పాలెంలో విరేచనాలు తగిలి ఇద్దరు పిల్లలు పోయారు. తల్లులు పాలు పిండి చెంబులో పోసి తడిగుడ్డ కప్పి వెళ్ళేవాళ్ళు. ఫ్రిజ్‌లు లేవు. అందుకని పారబొయ్యమన్నాను, అంతవరకు తప్పులేదు. కానీ షెడ్డు నుంచి వచ్చినవాళ్ళని కూడా రొమ్ములో ఉన్నవి పిండి పారబొయ్యమన్నాను. అది తప్పు. పైవాళ్ళు అలా చెప్పమన్నారు, నేను ఎదురడగలేదు. రాజమండ్రి ట్రైనింగులో అసలు సంగతి తెలిసింది. ఆ కాగితం ట్రంకు పెట్టెలో పెట్టాను. మళ్ళీ ఆ పాలేలకి వెళ్ళి, అమ్మా, అప్పుడు నేను చెప్పింది తప్పు అని చెప్పలేదు. నలుగురిలో బాగుండదనిపించింది. నాగదుర్గ నీ మర్యాద కాపాడింది, నేను నాది కాపాడుకున్నాను. రెండింటి వల్లా ఆకలితో ఉన్నది రూతే.

మీ అత్తగారికి వేరే ఉత్తరం రాశాను. క్షమించమని రాసి, చింపి, మళ్ళీ రాశాను. నాగదుర్గని ఏమీ అనకు. అనాలంటే నన్ను అను.

జ్యోతిర్మయి

—

అమలాపురం,
3 సెప్టెంబరు 2024

పెద్దమ్మా,

వందనాలు. ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. కోపం వచ్చింది కాబట్టి రాయలేదు. రెండు నెలలు నేను రికార్డు గదిలో కూర్చుని, బాత్రూములో నిలబడి పిండిన పాలు అరటి చెట్టు తాగింది. నీ మీద, నాగదుర్గ మీద, ఫ్లెక్సీలో దొరసాని మీద, అందరి మీదా కోపం వచ్చింది. నాగదుర్గ మాత్రం రెండు రోజులు ఏడ్చింది. ఇప్పుడు సీసా ఖాళీ అయ్యేటప్పుడు ఫోటో తీసి నాకు పంపిస్తోంది. క్లాసు మధ్యలో ఫోన్ మోగితే నేను బోర్డు వైపు తిరిగి చూసుకుంటాను.

మా అత్తగారు పదిహేడో తారీఖున వచ్చేశారు. నీ క్షమాపణ ఉత్తరం చేతిలో ఉంది. దాని కింద ఎర్ర పెన్నుతో "ఒప్పుకోలు బాగున్నది. చేతిరాత మెరుగుపడవలెను" అని రాసి ఉంది. ఒక్క తప్పు కూడా దిద్దలేదు. నేను కాళ్ళ మీద పడబోతే "ఆపమ్మా, టీ పెట్టు" అన్నారు.

టీ తాగుతూ చెప్పారు. ఆకాష్ పుట్టిన నలభయ్యో రోజున ఆవిడకి లంకలో స్కూలు ఇచ్చారట. పడవ మీద గోదావరి దాటి వెళ్ళాలి. "పడవలో మగవాళ్ళుండేవారమ్మా. దిగేక ఒడ్డున రెల్లు చాటుకెళ్ళి గోదాట్లో పిండేసేదాన్ని. మూడు వారాలకి ఎండిపోయేయి. అప్పుడు డబ్బా తెచ్చేం. దాచుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. పారబొయ్యమనే చెప్పేరు" అన్నారు. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆరడుగుల కథ ఎందుకు అన్నిసార్లు చెప్పేవారో నాకు ఆ రోజు అర్థమైంది.

సోమవారం నాతో కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ గది తలుపు తోసుకుని లోపలికెళ్ళారు. సత్యదుర్గారావు గారు కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకున్నారు. ఏడో తరగతిలో ఆవిడ స్టూడెంటట. "ఏరా, గది కట్టి తాళం వేసుకోడం నేనే నేర్పేనా?" అన్నారు. తాళంచెవి ఇప్పుడు నా బ్యాగులో ఉంది. సోఫా కవరు ఆవిడే చింపారు. కమిటీ రిపోర్టు కూడా వచ్చింది. గది ఎంతో శుభ్రంగా, కొత్తదానిలా ఉందని మెచ్చుకున్నారు.

పదకొండింటికి, మూడింటికి వీలున్న రోజు నేనే వెనక వీధికి వెళ్ళి రూతుకి పాలిచ్చి వస్తున్నాను. క్లాసున్న రోజు సీసా.

ఒకటో తారీఖున కార్డు చూశాం. ఆరు కిలోల ఎనిమిది వందలు. ఏడు కాలేదు. మా అత్తగారు కార్డు అటూ ఇటూ తిప్పి, ఎర్ర పెన్ను తీసి, పక్కన రెండు వందలు వేశారు. "గ్రేస్ మార్కులమ్మా. పిల్లది కష్టపడింది" అన్నారు. డబ్బా మూత తియ్యకుండానే షాపుకి తిరిగి వెళ్ళింది.

నాగదుర్గ అరటి గెల కోసింది. సగం మా ఇంటికి పంపింది. "పాప పాలు తాగిన చెట్టండి, పాపకే చెందాలి" అంది. రూతు మొదటి పండు మెదిపి పెడితే గిన్నె నాకేసింది. ఈ ఉత్తరంతో నీకు అరడజను పంపుతున్నాను. ఇప్పుడు కోపం లేదు. ఇంత సేపు రాశాక తెలిసింది.

నీ
టీనా

—

రాజోలు,
9 సెప్టెంబరు 2024

టీనాకి, పుష్పలత గారికి,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, ఎలాగూ ఇద్దరూ చదువుతారు. దిద్దాక తిరిగి పంపక్కర్లేదు.

పళ్ళు అందాయి. రెండు తిన్నాను. చాలా తియ్యగా ఉన్నాయి. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నా మాట వల్ల బాగుపడ్డది ఇదొక్క చెట్టేమో అనుకుంటూ తిన్నాను.

మొన్న శుక్రవారం పాలెం వెళ్ళాను. ట్రంకు పెట్టెలోంచి ఆ ట్రైనింగు కాగితం తీసుకుని, చెవి మిషన్ పెట్టుకుని వెళ్ళాను. అడిగేవాళ్ళుంటారు, వినాలి కదా. మాణిక్యం ఇంటి అరుగు మీద పాతికమంది ఆడవాళ్ళు చేరారు. కొత్త కోడళ్ళు, ముసలమ్మలు. రొయ్యల షెడ్డుకి వెళ్ళేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. పనికెళ్ళొచ్చిన తల్లి పాలు పాడవవు, పారబొయ్యొద్దు, అప్పుడు నేను చెప్పింది తప్పు అని చెప్పాను. కోడళ్ళు "ఆయ్, అలాగేనండి" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, చేస్తారో లేదో నాకు తెలియలేదు.

మాణిక్యం చివర్న కూర్చుంది. బాగా ముసలిదైపోయింది. పక్కన గంగబాబు, బోటు మీద పనిచేస్తాడు, సన్నగా ఉంటాడు. అందరూ లేస్తుంటే ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"అయితే నర్సమ్మ గారూ, అప్పట్లో నేను పారబోసినయ్యన్నీ మంచి పాలేనాండి?"

ఇదివరకైతే ఏమిటీ అని మూడుసార్లు అడిగి తప్పించుకునేదాన్ని. మిషన్ చెవిలో ఉంది. ప్రతి మాటా వినపడింది.

అవునన్నాను. నేను బయల్దేరేటప్పుడు ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, రెండు చేతులతో.

వచ్చే శుక్రవారం పక్క పాలెం వెళ్ళాలి.

జ్యోతిర్మయి